తురక తాళాలు

మా అమ్మీ పుట్టింట్లో తుర్కీ నుంచి వచ్చిన వస్తువులు మూడున్నాయని చిన్నప్పట్నుంచి వింటూ పెరిగాను. మూడూ కంచు తాళాలే. మేం ఝాంజ్ అనేవాళ్ళం. ఒకటి పెద్దది, రెండు చిన్నవి. పెద్దదాన్ని నానీ బక్రీద్ నాడు బిర్యానీ దేగ్ మీద బోర్లించేది. నడుమ బొడిపె, బొడిపెకి బెజ్జం, బెజ్జంలోంచి సన్నగా ఆవిరి. ఇంత మంచి మూత నిజాం బావర్చీఖానాలో కూడా ఉండదని నానీ ధీమా. చిన్నవి రెండూ ఇనప సందూకులో, నానా షేర్వానీ కింద, పాత చీర పేలికలో చుట్టి ఉండేవి.

కథ ఇది. 1931లో ఏడో నిజాం పెద్దకొడుకు ఆజం జాకీ, ఆఖరి ఖలీఫా కూతురు దుర్రెషెవార్‌కీ ఫ్రాన్సులోని నీస్‌లో నికా అయింది. ఇంతవరకూ చరిత్ర. ఆ షాహజాదీ సామానుతోపాటు తుర్కీ బ్యాండు వాయిద్యాలు హైదరాబాదు వచ్చాయనీ, వాటిలో మూడు తాళాలు ఇనాంగా నానా వాళ్ళ అబ్బాకి దక్కాయనీ మా ఇంట్లో చెప్పుకునేది. ఖలీఫా కుటుంబాన్ని 1924లోనే దేశంనుంచి వెళ్ళగొట్టారు కదా, ఏడేళ్ళు పరాయి దేశంలో తలదాచుకున్నవాళ్ళ దగ్గర బ్యాండు సామాను ఎక్కడిది అని నేనెప్పుడూ అడగలేదు. బి.ఏ.లో చరిత్ర చదివినవాణ్ణే. అడగబుద్ధి కాలేదు.

అడగకపోగా వాడుకున్నాను. పత్రికాఫీసులో చేరిన కొత్తలో ఎవరో ఒకరు, "మీ తెలుగు భలే బాగుంటుందండీ, అస్సలు ముస్లిం అనిపించరు" అనేవారు. మెచ్చుకోలే అది, వాళ్ళ లెక్కలో. అప్పుడు కోపం తెచ్చుకోవాల్సింది పోయి, "మా నానా వాళ్ళింట్లో తుర్కీ ఖలీఫా కూతురు తెచ్చిన తాళాలున్నాయి తెలుసా" అని మొదలుపెట్టేవాణ్ణి. ఎదుటివాడి కళ్ళు పెద్దవయ్యేవి. నాకది చాలేది.

నిరుడు కాజీపేట నుంచి మామూ ఫోన్ చేశాడు. మనవరాలికి బి.ఫార్మసీలో సీటొచ్చింది, ఇంకా 42,000 కట్టాలి. "ఝాంజ్ అమ్మేద్దాం బేటా. పాత సామాన్లాయన కిలోకి ఏడొందలు అంటున్నాడు. నువ్వు పేపర్లో ఉన్నావుగా, ఎవర్నైనా అడిగి చూడు" అన్నాడు. నలభై ఏళ్ళు మిషన్ తొక్కి షేర్వానీలు, సఫారీలు కుట్టిన మనిషి. ఎప్పుడూ ఎవర్నీ పైసా అడగలేదు.

స్నేహితుడి కొడుకొకడు హైదరాబాదులో డ్రమ్స్ వాయిస్తాడు. వాణ్ణడిగితే కంగారుగా మొదట అన్నమాట, "అంకుల్, తోమొద్దని చెప్పండి!"

నేను రైలు దిగేసరికి ఆలస్యమైపోయింది. ముమానీ ముందురోజు రాత్రే చిన్నవాటిలో ఒకదాన్ని చింతపండు, ఉప్పు పెట్టి తళతళలాడేట్టు తోమింది. "అమ్మే వస్తువు మురికిగా ఇస్తామా, పరువు పోదూ?" అంది. ఆమె తప్పేముంది? కంచు గిన్నె ఎవరు కొన్నా మెరుస్తోందా లేదా అనే చూస్తారు. పాత తాళాలు కొనేవాళ్ళ లోకం వేరు. వాళ్ళకి మీద పేరుకున్న గోధుమరంగు, పచ్చటి చిలుము వయసుకి సాక్ష్యం. ఆ పొర మోతను కాస్త మెత్తబరుస్తుందనే నమ్మకం కూడా ఉంది. పాత తాళాల మీద సిరాతో అచ్చేసిన మాటలుంటాయి, పలచన, మధ్యరకం అని. తోమితే మొదట పోయేవి అవే. మిషను చక్రం మీద పాలిష్ పట్టిస్తే ఇంకా నష్టం, తరిణె పట్టినప్పుడు పడిన సన్నటి గీతలు అరిగిపోతాయి. ఒక్కటే అదృష్టం. ఉక్కు అచ్చుతో లోహంలోకి కొట్టిన ముద్ర చింతపండుకి పోదు.

ఇద్దరం వాకిట్లో చాప పరుచుకుని కూచున్నాం. మామూ మెడలోని టేపు తీసి, అలవాటైన చేత్తో పెద్దదానికి అడ్డంగా పెట్టాడు. "ఇరవై ఇంచులు. నలభై ఛాతీలో సగం" అన్నాడు. చిన్నవి పద్నాలుగేసి. తాళం సైజు ఎప్పుడూ ఇంచుల్లోనే చెప్తారు, బరువు మాత్రం గ్రాముల్లో అడుగుతారు. ఒకే సైజు తాళాలు రెండు, రెండువందల గ్రాములు తేడా ఉంటే మోతలో పోలికే ఉండదు, ధరలో కూడా. సందు చివర కిరాణా కొట్టుకి పట్టుకుపోయాం. కొట్టాయన కందిపప్పు పొట్లాలు పక్కకి జరిపి, "ఏంది సాయిబూ, బిర్యానీ మూత తూకం ఏస్తున్నవ్?" అని నవ్వాడు. పెద్దది 2150 గ్రాములు. చిన్నవి 720, 790. మొత్తం 3660. పాత సామాన్లాయన లెక్కన 2562 రూపాయలు. కొట్టాయనే నోటితో గుణించి చెప్పాడు.

తర్వాత పగుళ్ళు. ఎండకి ఎదురుగా పట్టుకుని తిప్పుతూ చూడాలి, అంచు వెంట గోరు జార్చాలి. బెజ్జంలో వేలు పెట్టి వేలాడదీసి పెన్సిలుతో తట్టాలి. మంచి తాళం మోత విచ్చుకుని, చాలాసేపుండి, మెల్లగా అణుగుతుంది. పగులుంటే మధ్యలో జుయ్‌మని తుమ్మెద చేరుతుంది. పెద్దదానిలో తుమ్మెద ఉంది. అంచున సెంటీమీటరు పొడవు సన్నటి గీత. ఏ బక్రీద్ నాడు ఎవరి చేతిలోంచి జారిందో. పగులు ఆగదు, వాయించేకొద్దీ పాకుతుంది, అందుకే పగిలినదానికి ధర సగానికంటే కిందికి పడిపోతుంది. బెజ్జం కూడా గుండ్రంగా లేదు, ఒకవైపు కోలగా అరిగింది. స్టాండు ఊచకి రబ్బరు తొడుగు లేకుండా ఏళ్ళతరబడి వాయిస్తే అలా అవుతుంది.

"ఏళ్ళతరబడి వాయిస్తే" అని నేను పైకే అన్నాను. మామూ మాట్లాడలేదు.

ఇక ముద్ర. బొడిపెకీ అంచుకీ మధ్య, అంచుకి దగ్గరగా, తపాలా బిళ్ళంత జాగాలో ఉంది. పైన మన లిపి. మన లిపి అంటే ఉర్దూ రాసే అరబ్బీ అక్షరాలు. "ఇదిగో చూడు, తుర్కీ" అన్నాడు మామూ. ఉర్దూ మీడియంలో చదివిన ఆయనకి యాభై ఏళ్ళుగా కనిపించింది ఆ పై రాత ఒక్కటే. నాకూ అందులో జే, లామ్, నూన్ తెలిశాయి. కింద ఇంగ్లీషు, మట్టి పట్టిపోయి ఉంది. ఫార్మసీ సీటొచ్చిన పిల్ల వచ్చి, ఫోను లైటు ఏటవాలుగా వేసి, కూడబలుక్కోకుండా గడగడా చదివేసింది. అవేదిస్ జిల్జియన్ కంపెనీ. జెన్యూన్ టర్కిష్ సింబల్స్. మేడిన్ యు.ఎస్.ఏ.

కాసేపు ఎవరమూ ఏమీ అనలేదు.

ఆ రాత్రంతా కూచుని ఈ జిల్జియన్లెవరో చదివాను. చదివేకొద్దీ నవ్వొచ్చింది, తర్వాత నవ్వు పోయింది. వీళ్ళు తురకలు కారు. ముస్లిములే కారు. ఇస్తాంబుల్లో ఉండిన అర్మేనియన్ క్రైస్తవులు. అవేదిస్ అనేవాడు రసవాది. 1618లో బంగారం చేయబోయి, రాగీ తగరమూ కలిపి, పలచగా సాగదీసినా పగలకుండా మోగే కంచు చేశాడని చెప్తారు. నూటికి 80 పాళ్ళు రాగి, 20 తగరం. మన కంచూ అదే, కాస్త ఇటూ అటూ. కంచునూ కనకాన్నీ పక్కపక్కన పెట్టి వేమన చెప్పిన పద్యం ఆరో తరగతిలో గుక్కతిప్పుకోకుండా అప్పజెప్పింది నేనే. బంగారం వెదకబోయి కంచు దొరికినవాడి సంగతి అప్పుడు తెలిస్తే బాగుండేది. సుల్తాను సైనిక బ్యాండ్లకి ఆ తాళాలు నచ్చాయి. 1623లో సొంత కార్ఖానా పెట్టుకోమని నాలుగో మురాద్ అనుమతిచ్చాడు. ఇంటిపేరూ అప్పటిదే. జిల్ అంటే తుర్కీలో తాళం. జీ అంటే చేసేవాడు. మనం బావర్చీ, ఖజాంచీ, తబల్చీ అంటామే, ఆ చీయే. చివర యాన్ అర్మేనియన్ది, ఫలానావారి సంతతి అని. పనీ పరికరమూ తురక మాటలు, పుట్టుక అర్మేనియన్. ఒక్క ఇంటిపేరులో సంసారం చేస్తున్నాయి.

యూరప్ వాళ్ళు ఈ మోత తుర్కీ బ్యాండ్ల ద్వారానే విన్నారు. 1782లో మొజార్ట్ తురక కథతో ఒపెరా కట్టినప్పుడు తాళాలు వాడాడు. అప్పట్నుంచీ మంచి తాళమంటే తురక తాళమే. వంశంలో మూడో అవేదిస్ 1909లో అమెరికా వెళ్ళి మిఠాయి వ్యాపారం పెట్టుకున్నాడు. 1915లో ఆటోమన్ ప్రభుత్వం అర్మేనియన్లని ఊళ్ళకి ఊళ్ళు ఖాళీ చేయించి, ఎడారుల్లోకి నడిపించి, లక్షలాదిమందిని చంపింది. ఖిలాఫత్ పేరు చెప్తే కళ్ళు చెమర్చే ఇళ్ళల్లో పుట్టిన మేం ఆ సంగతి మాట్లాడం. నేనూ మాట్లాడలేదు ఇన్నాళ్ళూ. 1929లో ఆ మిఠాయి వ్యాపారి, తన పెదనాన్నో చినాన్నో వరసైన ఆరమ్ సాయంతో, బోస్టన్ పక్కన క్విన్సీలో తాళాలు చేయడం మొదలుపెట్టాడు. మీద ముద్ర మాత్రం తురక తాళమని. తుర్కీ ఆ లిపిని 1928లోనే వదిలేసింది. ఇస్తాంబుల్ బడిపిల్లలు చదవలేని అక్షరాలు అమెరికాలో తాళాల మీద పడుతూనే ఉన్నాయి. వినేవాడికి తురక తాళమే కావాలి మరి.

ఈ తురక అనే మాట నాకు కొత్తది కాదు. మా ఊళ్ళల్లో మేం తురకోళ్ళం. మేం మాట్లాడేది తురకం. తెల్లారి లేస్తే సర్వపిండి తినే మా నానీ తురకామె. బళ్ళో క్రికెట్ బంతి పోగొడితే నేను తురకోణ్ణి. మా వంశంలో తుర్కీ ముఖం చూసినవాడు ఒక్కడు లేడు. అయినా ముద్ర పడింది. బయటివాళ్ళు కొట్టారని ఎప్పుడూ చెప్పుకుంటాం, నిజమే. లోపల్నుంచి మేమే కొట్టుకున్నది కూడా ఉంది. అరబ్బు నుంచి వచ్చాం, తుర్కీ నుంచి వచ్చాం అంటేనే మాలో మాకు గౌరవం. ఇక్కడి మట్టిలో పుట్టినవాడు తక్కువ.

తయారైన సంవత్సరం తాళం మీద ఉండదు. అచ్చు అరిగినప్పుడల్లా కొత్తది చేసేవాళ్ళు కనక ముద్రలో తేడాలొచ్చాయి. సేకరించేవాళ్ళు వందల తాళాలు పక్కపక్కన పెట్టి, ఏ ముద్ర ఏ కాలందో తేల్చుకున్నారు. అందుకే ఉజ్జాయింపుగానే చెప్తారు. పెద్ద అక్షరాల్లో సిరాతో కంపెనీ పేరుంటే డెబ్భైల చివర, లేదా ఆ తర్వాతది. మావాటి మీద అదేమీ లేదు. పెద్దదాని ముద్ర, 790 గ్రాముల చిన్నదాని ముద్ర రెండో ప్రపంచయుద్ధం అయ్యాక, 1946 నుంచి 1953 మధ్య వాడినవాటితో సరిపోయాయి. 720 గ్రాములది, ముమానీ తోమింది, వేరు. దాని ముద్ర చిన్నది, అరబ్బీ రాత కింద మూడు చుక్కలు స్పష్టంగా ఉన్నాయి. అలా ఉంటే అరవైల్లోది అంటారు. మూడు చుక్కలంటే నాకు పే, చే. వాళ్ళకి తేదీ. అంటే కాలితో పెడల్ నొక్కితే ఒకదాని మీద ఒకటి పడే ఈ జంట, పుట్టుకతో జంట కాదు. ఒకటి పగిలితే ఇంకొకటి తెచ్చి కలిపారు. ధర ఇంకొంచెం తగ్గింది.

పొద్దున్నే మామూకి చెప్పాను. 1931కి ఇవి పుట్టనే లేదు మామూ, పుట్టింది కూడా అమెరికాలో.

మామూ చాయ్ తాగడం ఆపాడు. "మాలూమ్ హై బేటా" అన్నాడు.

ఆయనకి తెలుసు! నానా కాజీపేట లోకో షెడ్డులో ఫిట్టరు. రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో ఆంగ్లో ఇండియన్ల బ్యాండులో డ్రమ్స్ వాయించేవాడు. క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం దాకా రోజూ డాన్సులు, రోజూ నానా ఉండాల్సిందే. తాళాలు ఒక ఇంజను డ్రైవరు దొరవి. అరవైల చివర ఆయన కుటుంబంతో ఆస్ట్రేలియా వెళ్ళిపోతూ నానాకి ఇచ్చేసిపోయాడు. పెద్ద ఖాలా పెళ్ళి కుదిరేటప్పుడు, 1974లో, చూసుకోవడానికి వచ్చిన మగపెళ్ళివారి కంట్లో పడ్డాయి. "ఇవేంటి, మీరు మిరాసోళ్ళా?" అన్నాడట వాళ్ళ పెద్దమనిషి. వాయించే వృత్తివాళ్ళకి పిల్లనివ్వడం, తీసుకోవడం షరీఫుల్లో లేదు. నానీ చాయ్ కప్పులు పట్టుకుని నిలబడి, అప్పటికప్పుడు షాహజాదీ కథ అల్లింది. ముద్ర మీది అరబ్బీ అక్షరాలు చూపించింది. పెళ్ళి జరిగింది. నానా మళ్ళీ పుల్లలు ముట్టలేదు. పెద్ద ఝాంజ్ దేగ్ మీదికెక్కింది.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు నానా పోయాడు. గూడ్సుబండి వెళ్తుంటే కిటికీ చెక్క మీద రెండు వేళ్ళతో తడుతూ కూచునేవాడు. ముసలితనం వణుకు అనుకునేవాళ్ళం.

ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టిన షేక్ చిన మౌలానా నాదస్వరంతో శ్రీరంగంలో స్థిరపడి, 1999లో పోయేదాకా దక్షిణ దేశమంతా పేరు మోశాడు. ఆయన మనవాడు అని నేను ఎన్ని వ్యాసాల్లో రాసుకున్నానో. మా ఇంట్లో ఒక వాయిద్యగాణ్ణి వంటింటి మూత కింద దాచామని తెలియక.

ఇక ధర. అమ్మేవాళ్ళు అడిగే ధరలు చూసి లాభం లేదు, అలాంటివి నిజంగా ఎంతకి అమ్ముడుపోయాయో చూడాలి. అక్కడింకో చేదు తెలిసింది. ఇస్తాంబుల్లోనే ఉండిపోయిన జిల్జియన్ల శాఖ, కె. జిల్జియన్ అనే ముద్రతో, డెబ్భైల చివరిదాకా తాళాలు చేసింది. ఇరవై ఇంచులది బాగుంటే 1000 డాలర్లు దాటడం మామూలే. మావి నిజంగా తుర్కీవే అయ్యుంటే ఫీజుపోను నాలుగేళ్ళ పుస్తకాలూ వచ్చేవి. నానీ అబద్ధానికి ఇప్పటికీ బజార్లో అంత విలువుంది.

మా కుర్రాడి ద్వారా చెన్నైలో రికార్డింగులకి వాయించే ఒక డ్రమ్మర్ ఫొటోలు చూసి, స్వయంగా వస్తానన్నాడు. ముందురోజు మామూ నెమ్మదిగా కదిపాడు. "షాహజాదీ సంగతి చెప్తే ఇంకో పదివేలు పెంచుతాడేమో. నువ్వు చెప్తే నమ్ముతాడు, పేపరోడివి." నేను వెంటనే కుదరదన్నానని రాసుకుంటే బాగుంటుంది. అనలేదు. ముద్ర చూసినవాడు నమ్మడని లెక్కవేశాను ముందు. తర్వాత పిల్ల ఫీజు లెక్కవేశాను. రాత్రి పదింటికి మామూ తనే, "నక్కో. అబ్బాకి అప్పుడొకసారి చేశాం" అని లేచి పడుకున్నాడు.

డ్రమ్మర్ స్టాండు తెచ్చుకున్నాడు. పగులు మేమే చూపించాం, తోమింది చెప్పాం, జంట కాదని చెప్పాం. అన్నిటికీ తల ఊపుతూ పుల్లలు తీసి చిన్నవాటిమీద మొదలుపెట్టాడు. సందులో పిల్లలంతా గుమ్మంలో చేరారు. జంట కాని జంట ఇస్ ఇస్ అంటూ శుభ్రంగా మూసుకుంటోంది. "ఎవరో చాలా వాయించారు సార్ వీటిని" అన్నాడు నాతో. చిన్నవాటికి 20,000, పెద్దదానికి పగులుతో 10,000 ఇచ్చాడు. అలాంటివి అమ్ముడుపోయిన ధరలకి అది తక్కువేమీ కాదు. మిగతా 12,000 నేను సర్దాను.

వెళ్ళేముందు ఒక కాగితం అడిగాడు. ఎవరివి, ఎక్కడ వాయించారు, రాసిస్తే తాళాలతోపాటు దాచుకుంటానన్నాడు. మామూ ఉర్దూలో చెప్పాడు, నేను తెలుగులో చిత్తు రాశాను, పిల్ల ఇంగ్లీషులో సాపు చేసింది. నానా పేరు. లోకో షెడ్డు ఫిట్టరు. అక్కడ మామూ ఆగి, "కామా పెట్టు" అన్నాడు. "డ్రమ్మర్, రైల్వే ఇన్‌స్టిట్యూట్, కాజీపేట." సర్వీసు పుస్తకంలోగానీ, పెన్షను కాగితాల్లోగానీ, ఏ పెళ్ళి రుఖాలోగానీ ఆ మాట లేదు. కింద మామూ ఉర్దూలో దస్తఖతు చేశాడు. ఆ అక్షరాలు చూసి డ్రమ్మర్, "ముద్రమీద లిపి ఇదే కదా అంకుల్?" అని అడిగాడు.

"అదే. చదివితే వేరే" అన్నాడు మామూ.

ఈ బక్రీద్‌కి ముమానీ బజార్లో అల్యూమినియం మూత కొంది. దానికి బెజ్జం లేదు. ఆవిరికి మూత ఎగిరెగిరి పడుతుంటే మామూ మేకూ సుత్తీ తెచ్చుకుని కూచున్నాడు.